చిలికా చుట్టూ మావయ్యతో

మొదటి రోజు: బరంపురం, రుషికుల్య

మనవైపు నుంచి ఒడిశాలోని చిలికా సరస్సు చూడ్డానికి వెళ్లేవాళ్లు మామూలుగా పూరీ వెళ్లి, జగన్నాథుడి దర్శనం చేసుకుని, సాతపడలో పడవెక్కి, డాల్ఫిన్ వీపు ఒకసారి కనబడగానే ఫొటో తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. మేం అటు కాకుండా దక్షిణం నుంచి మొదలుపెట్టాం. అది మా మావయ్య పట్టు. ఆయన ఇరిగేషన్‌లో, అందులోనూ డ్రైనేజీ వైపు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. సర్వీసులో సగం ఏలూరు, కైకలూరు, ఆకివీడు చుట్టూ కొల్లేటి డ్రెయిన్ల గట్ల మీదే గడిచింది. "సరస్సుని అర్థం చేసుకోవాలంటే దాన్ని ఆఖర్న చూడాలమ్మాయ్. ముందు నీళ్లొచ్చే దారులు చూడాలి" అన్నాడు. చిన్నప్పుడు బరంపురంలో చదువుకున్నాడు కాబట్టి ఒడియా గడగడా మాట్లాడతాడు. ఇంక నేను కాదనడానికి ఏముంది?

ఫిబ్రవరి చివరి వారం. బరంపురంలో రైలు దిగేసరికి ఇంకా మంచు విడలేదు. ఈ గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇప్పటికీ బజారులో బోర్డు ఒడియాలో ఉంటే లోపల బేరం తెలుగులో నడుస్తోంది. ఇడ్లీ తిని, కారు మాట్లాడుకుని రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి బయల్దేరాం.

చిలికాకి, రుషికుల్యకి సంబంధం ఏమిటని అడిగాను. సరస్సు దక్షిణపు కొస నుంచి పాలూరు కాలువ అని ఒకటి వచ్చి రుషికుల్య మొగ దగ్గర కలుస్తుంది. బ్రిటిష్ కాలంలో సరుకు పడవలు తిరిగిన కాలువ. అంటే చిలికా నీళ్లు, సముద్రపు పోటు, రుషికుల్య వరద మూడూ ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి. మ్యాపులో చూస్తే చిలికా ఒక చోట ఆగిపోతుంది. నేల మీద ఆగదు.

పురుణబంధ, గోఖరకుదా, పోడంపేట. మొగకి ఉత్తరంగా ఇసుక తీరం వెంట ఉన్న ఊళ్లు. ఇక్కడి బెస్తవాళ్లని నోలియాలంటారు. ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. మా కారు ఆగగానే ఒక ముసలాయన వల బాగుచేసుకుంటూ తలెత్తి, "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు. శ్రీకాకుళం అన్నాం. "మావోళ్లూ అటునుంచొచ్చినోళ్లే" అని చాప పరిపించాడు.

ఈ తీరం ఆలివ్ రిడ్లే తాబేళ్లు మందలు మందలుగా వచ్చి గుడ్లు పెట్టే చోటు. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చాయని అటవీ శాఖ లెక్క. 2024లో సామూహికంగా రానే లేదు. 2025లో మళ్లీ ఏడు లక్షల దాకా వచ్చాయి. ఎందుకు వస్తాయో, ఒక ఏడు ఎందుకు మానేస్తాయో ఎవరి లెక్క వాళ్లది. ముసలాయన లెక్క తేలిక: "అయి మా ఆడబిడ్డలమ్మా. పుట్టింటికొచ్చి పురుడు పోసుకునెల్తాయి. ఇసక సరిగ్గా నేకపోతే రావు. ఏ ఆడబిడ్డొస్తాది, ఇల్లు బాగోకపోతే?"

ఆ మాట బాగుంది గానీ, ఆడబిడ్డ వచ్చినన్నాళ్లూ ఇంటివాళ్ల కడుపు కాలుతుంది. తాబేళ్ల కోసం ధామ్రా, దేవి, రుషికుల్య నదుల మొగల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల వేట నిషేధం. ఏడు నెలలు! ప్రభుత్వం కొంత సాయం ఇస్తుంది, అది చాలదు. అయినా ఊరి కుర్రాళ్లు కమిటీగా ఏర్పడి రాత్రుళ్లు తీరం కాస్తారు. కుక్కల్ని, నక్కల్ని తోలతారు. గుడ్లు పిగిలే రోజుల్లో పిల్లలు వెలుతురు చూసి ఊరివైపు నడవకుండా వల కట్టి, బుట్టల్లో ఎత్తి కెరటాల దగ్గర వదులుతారు. అటవీ శాఖ ఒక్కటే ఇన్ని మైళ్లు ఇన్ని రాత్రులు కాయలేదు. ఈ కుర్రాళ్లు లేకపోతే ఈ కథే లేదు.

మందలు ఇంకా రాలేదు. ఒకటి రెండు తాబేళ్లు వచ్చి వెళ్లిన జాడలు మాత్రం ఇసుక మీద ఉన్నాయి. ట్రాక్టర్ టైరు జాడల్లాగే ఉంటాయి, తెలియకపోతే పట్టించుకోం. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినవీ కనబడ్డాయి. ట్రాలర్ల వలల్లో పడి ఊపిరాడక పోతాయని చెప్పారు. పోడంపేట పాత ఊరు వైపు వెళ్తే సగం గోడలు, సగం మెట్లు. మిగతాది సముద్రం తీసుకుపోయింది. ఊరివాళ్లు చాలామంది లోపలికి కట్టుకున్న కాలనీకి మారిపోయారు. తాబేలుకీ మనిషికీ కావలసింది ఇక్కడ ఒకటే, ఆ ఇసుక.

రెండో రోజు: రంభ, బర్కుల్

హుమా ఉప్పు మళ్ల పక్కనుంచి రంభ చేరేసరికి ఎండ ఎక్కింది. ఇక్కడ చిలికా మొదటిసారి కనబడింది. కొండలు నీళ్ల దాకా దిగివచ్చి, మధ్య మధ్య రాతి దీవులు. చూడ్డానికి సరస్సు అన్నిటికంటే బాగుండేది ఈ దక్షిణ భాగంలోనే. పక్షులు, చేపలు చూడాలంటే మాత్రం పైకి వెళ్లాలి.

చిలికా ఒకే సరస్సు కాదు. వానాకాలంలో సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు పరుచుకుని, ఎండాకాలంలో 900 చిల్లరకి కుదించుకుంటుంది. ఉత్తర భాగంలో మహానది పాయల మంచినీళ్లు, తుంగ, కిక్కిస. మధ్యలో ఉప్పూ కాదు, మంచీ కాదు. దక్షిణాన కొంచెం లోతు, ఉప్పదనం నిలకడ. తూర్పున సముద్రంలోకి వెళ్లే పొడుగాటి కాలువ లాంటి భాగం. ఏ చేప ఏ నెలలో ఎక్కడ ఉంటుందో, ఏ కులం వాళ్లు ఏ వల ఎక్కడ వెయ్యాలో అన్నీ ఈ ఉప్పదనం మీదే ఆధారపడ్డాయి.

సాయంత్రం బర్కుల్‌లో చిలికా డెవలప్‌మెంట్ అథారిటీ వాళ్ల పరిశోధన కేంద్రం బయటనుంచి చూసి, ఒడ్డున కూర్చున్నాం. అక్కడ మావయ్య నాకు మొత్తం కథ చెప్పాడు.

1981లో రామ్‌సర్ జాబితాలో (ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల పట్టిక అది) మన దేశం నుంచి చేరిన మొదటి రెండు చిత్తడి నేలల్లో చిలికా ఒకటి. రెండోది భరత్‌పూర్. పదేళ్లు తిరిగేసరికి చిలికా పరిస్థితి దిగజారింది. ఎగువనుంచి మహానది పాయలు, పడమటి కొండల వాగులు ఒండ్రు తెచ్చిపోస్తున్నాయి. సముద్రపు మొగ ఇసుక మేటలతో ఉత్తరానికి జరిగిపోయి, లోపలి నీళ్లు బయటికి పోవడానికి చుట్టుదారి అయింది. పోటు లోపలికి రాదు, వరద బయటికి పోదు. ఉప్పదనం తగ్గింది, కలుపు పెరిగింది. సముద్రంలో పుట్టి చిలికాలో పెరగాల్సిన చేపపిల్లలు, రొయ్యపిల్లలు దారి దొరక్క ఆగిపోయాయి. 1985-86లో సుమారు 8,900 టన్నులున్న దిగుబడి 1999-2000 నాటికి 1,700 టన్నుల చిల్లరకి పడిపోయింది. 1993లో ఈ సరస్సు పేరు మాంట్రూ రికార్డుకెక్కింది. ప్రమాదంలో పడ్డ రామ్‌సర్ స్థలాల పట్టిక అది.

1991లో ఏర్పడిన ఈ అథారిటీకి ముఖ్యమంత్రే అధ్యక్షుడు. అందులో నీటిపారుదల, అడవి, మత్స్య, రెవెన్యూ శాఖలు, స్థానిక ప్రజాప్రతినిధులు, మత్స్యకారుల ప్రతినిధులు, శాస్త్రవేత్తలు ఉంటారు. వీళ్లు గోవాలోని సముద్ర విజ్ఞాన సంస్థనీ, పుణెలోని జల పరిశోధన కేంద్రాన్నీ పిలిపించి అధ్యయనాలు చేయించారు. ఆ తర్వాత 2000 సెప్టెంబరు 23న సిపకుదా దగ్గర ఇసుక తిన్నెని కోసి కొత్త మొగ తెరిచారు. నీళ్లకి 18 కిలోమీటర్ల చుట్టుదారి తగ్గింది. 2001-02లో చేపల దిగుబడి 11 వేల టన్నులు దాటింది. 2002లో మాంట్రూ పట్టిక నుంచి చిలికా పేరు తీసేశారు. ఆసియాలో అలా బయటపడ్డ మొదటి స్థలం ఇదే. అదే ఏడు అథారిటీకి రామ్‌సర్ అవార్డు వచ్చింది.

"మొగ కోయడం అందరికీ కనబడే పని. ఫొటోలూ దానివే ఉంటాయి" అన్నాడు మావయ్య. "కానీ ఒండ్రు ఆపకపోతే కోసిన మొగ ఎన్నాళ్లు? దానికి కొండల్లోకి వెళ్లాలి, కటక్ వెళ్లాలి. అవి ఇంకెవరి పరిధో. ఇంకెవరి పరిధో అన్న చోటే మా కొల్లేట్లో పని ఆగిపోయేది."

కొల్లేరుకీ కమిటీలు వేశారు, రిపోర్టులు రాశారు. 1999లో ప్లస్ 5 కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో చేపల చెరువుల గట్లు పేల్చారు. ఆ రోజుల్లో మావయ్య అక్కడే ఉన్నాడు. బాంబులు పెట్టి, పొక్లెయిన్లు దింపి గట్లు కొట్టినవాళ్లు, అదే ఊపులో కొల్లేటికి నీళ్లు తెచ్చే బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మీదకి, ఆ నీళ్లని సముద్రానికి తీసుకెళ్లే ఉప్పుటేరు మొగ మీదకి వెళ్లలేదు. 2008లో అసెంబ్లీ ప్లస్ 3కి తగ్గించమని తీర్మానం చేసింది. చెరువులు చాలాచోట్ల మళ్లీ మొలిచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు టీవీల్లో అందరూ బుడమేరు గురించి మాట్లాడారు, అది ఆఖరికి ఎక్కడికి పోవాలో ఎంతమంది అడిగారు? ఇదంతా ఆయన కోపం. నాకూ కొంత అంటుకుంది.

బర్కుల్ నుంచి కాళిజాయి దీవికి పడవలు వెళ్తాయి. పెళ్లయి అత్తారింటికి పడవ మీద వెళ్తూ తుపానులో మునిగిపోయిన అమ్మాయి ఇక్కడ అమ్మవారైంది. ఆ పక్క ఈ పక్క బెస్తవాళ్లు ఆమెకి మొక్కకుండా పడవ తియ్యరు. రాత్రికి బాలుగావ్‌లో పీతల కూర. దాని గురించి రాస్తే ఇంక ఏదీ రాయలేను.

మూడో రోజు: పడమటి కొండలు

పొద్దున్నే సరస్సుకి వీపు తిప్పి కొండల్లోకి బయల్దేరాం. ఖళ్లికోట వైపు భాలేరి కొండల్లో నారాయణి అమ్మవారి గుడి ఉంది. గుడి పక్కన ఏడాది పొడుగునా ఆగని ఊట. ఆదివారం కాకపోయినా వనభోజనాల జనం, ప్లాస్టిక్ గ్లాసులు. ఆ ఊటా ఆఖరికి చిలికాలోకే పోవాలి. గ్లాసుల సంగతి చెప్పక్కర్లేదు.

ఈ కొండల నుంచి దిగే వాగులు చిన్నవి. వేసవిలో అసలు కనబడవు. వాన పడితే మాత్రం ఎర్రగా, గబగబా వచ్చేస్తాయి. అడవి పలచబడ్డ చోట నేల పైపొరంతా రెండు గంటల వానకే సరస్సులో ఉంటుంది. దీన్ని ఆపడానికి మొగ కోస్తున్న కాలంలోనే అథారిటీ వాళ్లు, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఊరూరా వాటర్‌షెడ్ కమిటీలు పెట్టారు. ఏ వాలు మీద కందకాలు తవ్వాలి, ఏ గెడ్డకి రాతికట్ట వెయ్యాలి, ఎక్కడ పశువుల్ని తోలకూడదు అన్నవి ఊరివాళ్లే మ్యాపు గీసి నిర్ణయించుకున్నారు. పద్ధతి మనకి కొత్తది కాదు. అనంతపురం, మహబూబ్‌నగర్‌లలో ఇలాంటివి ఎన్నో చూశాం. తేడా ఒకటే. అక్కడ బావిలో నీళ్ల కోసం చేశారు. ఇక్కడ పాతిక మైళ్ల దూరంలో ఎవరో బెస్తవాడికి చేప దొరకడానికి కొండమీది రైతుని అడిగారు.

రైతు ఎందుకు ఒప్పుకోవాలి? ఆ మాటే ఒక ఊళ్లో జీడిమామిడి తోటలో పనిచేసుకుంటున్న ఆవిణ్ణి మావయ్య అడిగాడు. ఆవిడ నవ్వింది. చిలికా కోసం తామేమీ చెయ్యలేదట. పొలంలో మట్టి పోకుండా, చెరువులో నీళ్లు నిలవడానికి చేసుకున్నారట. చిలికా పెద్దమనుషులు డబ్బు తెచ్చారు, రాళ్లు తాము మోశారు. "చిలికా చేపలు మాకు వస్తాయా ఏంటి? వాళ్ల రేటుకి మేం కొనలేం" అందట. ఆ మాటని మావయ్య నాకు తెలుగులో చెప్పి, తెగ మెచ్చుకున్నాడు. పనికొచ్చే పథకం ఇలాగే ఉండాలట. కొండవాడు తన లాభం తను చూసుకోవాలి, కింద ఉన్నవాడికి అది ఊరికే కలిసిరావాలి.

ఒప్పుకుంటూనే ఒక మాట. మేం చూసిన రాతికట్టల్లో కొన్ని చెక్కుచెదరకుండా ఉన్నాయి, కొన్ని పూడిపోయి వాటి మీద నుంచే గెడ్డ దారి మార్చుకుంది. పథకం డబ్బు అయిపోయాక మరమ్మతు ఎవరిదన్న ప్రశ్నకి ఏ ఊళ్లోనూ సూటి జవాబు దొరకలేదు.

నాలుగో రోజు: మంగళాజోడి

హైవే మీద టాంగి దగ్గర దిగి లోపలికి తిరిగితే మంగళాజోడి. ఇంకా చీకటి ఉండగానే పడవ దగ్గరికి రమ్మన్నారు. ఇంజన్ లేని బల్లపరుపు పడవ, ముందొకాయన గెడ వేస్తాడు, వెనకాల ఇంకొకాయన దుర్భిణీ పట్టుకుని కూర్చుంటాడు. ఇరుకు కాలువలోంచి జమ్ము తప్పించుకుంటూ వెళ్తుంటే మావయ్యకి కొల్లేటి తాటిదోనెలు గుర్తొచ్చాయి. అరగంట ఏమీ మాట్లాడలేదు. ఆయనకది రికార్డు.

వెలుతురు వచ్చేసరికి మా చుట్టూ పక్షులే. నల్లతోక గాడ్విట్లు గుంపులుగా బురదలో ముక్కులు గుచ్చుకుంటూ తిరుగుతున్నాయి. చక్రవాకాలు జంటలు జంటలుగా ఉన్నాయి. ఉల్లంకులు, సూదితోక బాతులు, ఊదారంగు స్వాంప్‌హెన్లు ఎటు చూసినా కనబడుతున్నాయి. పడవ పది అడుగుల దగ్గరికి వెళ్లినా లేచిపోవు. సైబీరియా నుంచి, మంగోలియా నుంచి వచ్చిన పిట్ట మనిషిని చూసి బెదరకపోవడం ఎక్కడైనా చూస్తామా? ఇక్కడ మరీ వింత, ఎందుకంటే మా పడవలో గెడ వేస్తున్నాయన ఒకప్పుడు ఈ పిట్టల్ని చంపి అమ్మినవాడు.

ఆయన దాచలేదు. మంగళాజోడి పేరే వేటగాళ్ల ఊరుగా మోగిపోయేది. వలలు వేసి, విషం పెట్టి, నాటుతుపాకులు పేల్చి పట్టేవాళ్లు. గుడ్లు బుట్టలకెత్తి అమ్మేవాళ్లు. చుట్టుపక్కల టౌన్లకి శీతాకాలమంతా ఇక్కణ్ణుంచే పిట్ట మాంసం. 1990ల చివరికి పక్షులు ఐదారు వేలకి పడిపోయాయని చెప్తారు. అరెస్టులు, కేసులు జరుగుతూనే ఉన్నాయి, వేట ఆగలేదు. వైల్డ్ ఒరిస్సా అనే సంస్థ మనుషులు వచ్చి ఊళ్లో కూర్చుని మాట్లాడ్డం మొదలుపెట్టాక, 2000లో వేటగాళ్లే కొందరు కలిసి మహావీర్ పక్షి సురక్షా సమితి అని పెట్టుకున్నారు. అమ్మవారి ముందు ప్రమాణం చేశారని మా గెడ ఆయన చెప్పాడు. తర్వాత బయటి సంస్థల సాయంతో ఎకో టూరిజం ట్రస్టు వచ్చింది. పడవలు, గదులు, గైడ్ల శిక్షణ. 2018లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పురస్కారాల్లో ఈ ఊరి పేరు వినిపించింది. ఇప్పుడు సీజనులో రెండు లక్షలకు పైగా పక్షులు ఇక్కడ దిగుతాయి. మొత్తం చిలికాలో ఏటా జనవరి లెక్కల్లో ఈమధ్య పది లక్షలు దాటుతున్నాయి.

"ప్రమాణం ఒక్కటే పట్టి ఉంచిందా?" అని మావయ్య.

"ప్రమాణం రెండు మూడేళ్లు పట్టి ఉంచింది. తర్వాత మీలాంటివాళ్లు వచ్చి పడవకి డబ్బులిచ్చారు" అన్నాడు.

వేటగాడికి ఉన్నంత జ్ఞానం డిగ్రీ చదివిన గైడుకి ఉండదు. ఏ గడ్డి వెనక ఏ పిట్ట దిగుతుంది, గాలి ఎటు మారితే అవి ఎటు లేస్తాయి అన్నది ఆయన కళ్లు మూసుకుని చెప్తాడు. ఒక్కసారి "ఇటు" అని చెయ్యి చూపించాడు, అటు చూస్తే ఏమీ లేదు. నిమిషం తర్వాత గడ్డిలోంచి ఒక చిన్న బిట్టర్న్ మెడ సాచింది. ఈ నైపుణ్యం వేటలోంచే వచ్చింది. దాన్నే వేరే పనికి వాడుకోవడం నాకీ ప్రయాణం మొత్తంలో నచ్చిన తెలివి.

గ్రామం అంతా మారిపోయిందని రాస్తే అబద్ధం. పడవల మీద ఆదాయం పడవ ఉన్నవాడికి, ఇంగ్లిషు పేర్లు నేర్చుకున్నవాడికి వస్తుంది. మిగతా ఇళ్లు చేపల మీదే బతుకుతున్నాయి. దొంగచాటు వేట కూడా అప్పుడప్పుడు పట్టుబడుతూనే ఉంది. రాత్రి గస్తీ ఇప్పటికీ మానలేదంటేనే అర్థమవుతుంది కదా.

మధ్యాహ్నం భోజనం అన్నం, దాల్మా, చిన్న చేపల వేపుడు. ఎండలో పక్షులు దూరంగా నలబనా వైపు పోతాయి. ఆ దీవి ఒక్కటే 15.53 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. వానాకాలంలో మునిగి, చలికాలంలో తేలుతుంది. అక్కడ దిగడానికి ఎవరికీ అనుమతి లేదు, మేమూ అడగలేదు.

ఐదో రోజు: నరాజ్, ధౌలి

ఇది కార్లో ఎక్కువ, చూసింది తక్కువ. కటక్ పైన నరాజ్ దగ్గర మహానది చీలి కాఠజోడి విడిపోతుంది. అందులోంచి కుఆఖాయి, దానిలోంచి దయా, భార్గవి. చిలికాకి వచ్చే మంచినీళ్లలో సింహభాగం ఈ దారినే వస్తుంది. 2004 ప్రాంతంలో ఇక్కడ పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ కట్టారు. కట్టేముందు వచ్చిన పేచీ చాలా సులువైనది, తీరనిది కూడా. గేట్లు ఎంత ఎత్తాలి? డెల్టా రైతుకి వరద వద్దు. చిలికా బెస్తవాడికి వరద కావాలి, ఆ తోపుడుకే మొగ శుభ్రపడుతుంది, చేపలు కదులుతాయి. రెండు పక్కలా కూర్చోబెట్టి, సరస్సుకి ఎప్పుడు ఎంత నీరు కావాలో లెక్కలు కట్టి, గేట్లు నడిపే పద్ధతి తయారుచేశారు. సరస్సు కోసం ఎగువ బ్యారేజీ ఎలా నడవాలని అడగడం మన దేశంలో అరుదు. మావయ్య బ్యారేజీ మీద అటు చివర నుంచి ఇటు చివరకి నడిచి, గేట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. వృత్తి రోగం.

దీనికీ పైన ఇంకొకటుంది. మహానది పుట్టేది ఛత్తీస్‌గఢ్‌లో సిహావా దగ్గర. అక్కడి బ్యారేజీల మీద ఒడిశా గొడవపడితే 2018లో ట్రిబ్యునల్ ఏర్పడింది. అంటే చిలికా పీతకి రాయపూర్ వైపు రైతుతో కూడా లావాదేవీ ఉంది!

ధౌలి కొండ ఎక్కితే కింద దయా నది. కళింగ యుద్ధం తర్వాత అశోకుడు రాతి మీద తన ఆజ్ఞలు చెక్కించిన చోట్లలో ఇదొకటి. ఇప్పుడు భువనేశ్వర్ మురుగంతా గంగువా నాలాలోంచి వచ్చి ఈ దయాలో కలుస్తుంది. అదీ చిలికాకే. నాలా దగ్గర కారు ఆపాం, ముక్కు మూసుకుని ఎక్కాం. కొండల్లో రైతు చేత రాళ్లు మోయించిన రాష్ట్రం రాజధానిని మాత్రం ఇంకా దారికి తేలేకపోయింది.

ఆరో రోజు: సాతపడ

పూరీ నుంచి సాతపడ యాభై కిలోమీటర్లు. రేవులో డీజిల్ పడవలు వరసగా. బేరం చేసి, లైఫ్ జాకెట్ వేసుకుని ఎక్కాం. ఇరావడీ డాల్ఫిన్లు ఈ బయటి కాలువలోనే ఎక్కువ. మొత్తం సరస్సులో 150 అటూఇటూ ఉంటాయి. గుండ్రటి తల, పొడుచుకొచ్చిన మూతి ఉండదు. పైకి రావడం కూడా నెమ్మదిగా వస్తుంది, ఎగరదు. దూరంగా ఇంజన్ ఆపాలని నియమం. మా పడవాయన ఆపాడు. పక్కన మూడు పడవలవాళ్లు ఆపలేదు, వాటిలో జనం కేకలు. మాకు రెండుసార్లు వీపు, ఒకసారి తల కనబడ్డాయి.

సముద్రం వైపు ఇసుక దిబ్బ మీద దింపితే అక్కడ ముత్యాలమ్మే కుర్రాళ్లు కాసుకుని ఉంటారు. మన ముందే ఆల్చిప్ప పగలగొట్టి ముత్యం తీస్తారు. ప్రతి చిప్పలోనూ ముత్యం, ప్రతి ముత్యమూ ఒకే సైజు. మావయ్య అయిదు చిప్పలు పగలగొట్టించి ఒక్కటీ కొనకుండా నడిచాడు.

2019 మే 3న ఫణి తుపాను తాకినప్పుడు ఈ ఇసుక కట్ట ఇంకా కొన్ని చోట్ల తెగి కొత్త మొగలు పడ్డాయి. ఎంతో డబ్బు పోసి కోసిన పనిని సముద్రం ఒక్క తుపానులో చేసి చూపించింది. అవి ఎన్నాళ్లు ఉంటాయో, ఎటు జరుగుతాయో దాని ఇష్టం.

తిరుగు దారిలో నీళ్లలో వెదురు గుంజలు, వాటికి కట్టిన వలలు కనబడ్డాయి. ఘేరీలు. రొయ్యల కోసం సరస్సుని గదులుగా కట్టేసుకోవడం. 1980ల నుంచి చిలికాలో అసలు పోరు దీనిమీదే. ఒక పెద్ద కంపెనీ రొయ్యల ప్రాజెక్టుకి ఎదురుగా చిలికా బచావో ఆందోళన్ నడిచింది, ప్రాజెక్టు పోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు వద్దంది. అయినా ఘేరీలు పెరిగాయి, వేసినవాళ్లలో డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్లు ఎక్కువ. 1999 మే 29న సొరాణ ఊళ్లో ఘేరీలు పీకేసిన బెస్తవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు చచ్చిపోయారు. కొత్త మొగ తెరిచింది ఆ తర్వాత దాదాపు ఏడాది పైన నాలుగు నెలలకి. అవార్డుల కథలో ఈ నలుగురు ఉండరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. తర్వాత కోర్టు ఆదేశాలతో వేల ఎకరాల్లో ఘేరీలు తొలగించారు. తొలగించిన నీళ్లలోకి డాల్ఫిన్లు వచ్చాయని అటవీ శాఖ లెక్కలు చెప్పాయి. మళ్లీ కట్టినవీ ఉన్నాయి, మా కళ్లముందే ఉన్నాయి.

పడవాయన బెస్తవాడే. సీజనులో టూరిస్టుల్ని తిప్పుతాడు, మిగతా రోజులు వల వేస్తాడు. ఘేరీల మాట ఎత్తితే ఇంజన్ చప్పుడు మీద కూడా వినబడేలా మాట్లాడాడు. తన ఊళ్లోనూ కొందరు వేశారట, వాళ్లతో మాటల్లేవట. తర్వాత మావయ్యని అడిగాడు, "మీ వైపు కూడా పెద్ద సరస్సు ఉందిగా, అక్కడ తీసేశారట?"

"తీశారు. మళ్లీ వచ్చాయి."

"ఇక్కడా అంతే" అన్నాడాయన. కానీ దానికంటే ఆయనకి మగర్‌ముఖ్ కాలువ బెంగ ఎక్కువ. మొగకీ సరస్సుకీ మధ్య ఉన్న ఆ కాలువలో ఇసుక మేట వేస్తోంది, వానలకి ముందే తవ్వకపోతే పిల్లచేప లోపలికి రాదు. ఆ సంగతి ఎవరితో చెప్తారని మావయ్య అడిగాడు. ఆయన ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసి ఇచ్చాడు. కాంటాక్ట్స్‌లో అథారిటీ ఇంజనీరు, ఫారెస్టు రేంజరు, మత్స్యశాఖ ఆయన, సహకార సంఘం కార్యదర్శి, ఒక రిపోర్టరు. మావయ్య కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివాడు.

"చేస్తే ఎత్తుతారా?"

"ఇంజనీరు ఎత్తుతాడు. రేంజరు ఎత్తడు, వాట్సాప్ చూస్తాడు. మత్స్యశాఖ ఆయన రెండూ చెయ్యడు, ఆయన కోసం బస్సెక్కి బాలుగావ్ వెళ్తాం" అన్నాడు.